రేడియేటర్‌ల పసుపు

హన్మకొండ,
14-5-1981

బావకు నమస్కారం.

అత్తమ్మ దినాల నాడు అందరి ముందట "వీడు కారుల నీళ్ళు చూసుకోలే, మా అవ్వను తొవ్వల సంపిండు" అన్నవు. అక్క మొఖం చూసి ఊకున్న. ఇప్పుడు విను.

ఆ పొద్దు అత్తమ్మకు గుండెనొప్పని తెలవంగనే రేడియేటర్ నిండ నేనే నీళ్ళు పోసిన. అయినా ములుగు దాటినంక ఇంజన్ మసిలి ఆగింది. మూత తీస్తుంటె నా చెయ్యి కాలింది. ఇంజన్ చల్లారి కదిలేటాళ్ళకు రెండు గంటలాయె. దవాఖాన చేరకముందే అత్తమ్మ అక్క ఒళ్ళె పానం ఇడిసింది.

నిన్న మెకానిక్ వెంకట్రాజం రేడియేటర్ ఇప్పిండు. లోపలి గొట్టాలన్ని పసుపు ముద్దతోని మూసుకపోయినయి.

"కారుతున్న చిల్లి కనవడకుండ ఎవరో పసుపు పోసిన్రు. నీళ్ళు నిండుగున్నా తిరగయి, ఇంజన్ ఎట్ల చల్లబడ్తది?" అన్నడు.

ఉగాదికి ఆ కారు నాకు అమ్మింది నువ్వు. "పెండ్లిపిల్ల లెక్కున్నది" అన్నవు.

గొట్టాలు కడిగి, చిల్లులు అతికించినం. ఇయ్యాల ధర్మసాగర్ దాక పోయొచ్చిన, వేడెక్కలే. ఒక్క రోజు పని బావా, ఒక్క రోజు.

అక్క నాతోని మాట్లాడుతలేదు. నేను ఆమెకేం చెప్పలే. నువ్వే చెప్పాలె.

నీ బామ్మర్ది