లాంతరు మసి

పుంగనూరు, 1946. మార్గశిరం, గురువారం.

మా ఇంటామె దగ్గు చూపిద్దామని మదనపల్లె ఆసుపత్రికి పోతే రోగం నాకు బయటపడింది. మందుచీటీ నేను పక్కకు వంచి చదవడం చూసి డాక్టరమ్మ, "దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడతాయా?" అనింది. రెండేండ్లుగా కనబడతాండాయి. లాంతరు చిమ్నీ మసి అనుకున్నాను. కంట్లో పోటు ఎక్కిందంట, నీరుకాసులంట. సోమవారం ఆపరేషన్ చేయకపోతే మిగిలిన చూపూ పోతుందంట.

బొగ్గుతో నడిచే బస్సులో పొద్దుగూకేసరికి ఊరు చేరినాం.

ఇంటికొచ్చి ఆమె ఎప్పటిలాగే చిమ్నీని బూడిదతో తోమతాంది.

"ఇంక యాల తోమతావు? మసి నా కంట్లో ఉండాది," అన్నాను.

"రెండేండ్లు తిట్టి తోమిస్తివి గదప్పా."

"మసి లేదని ఒక్కరోజన్నా చెప్పకపోతివి."

"సదువుకున్నోనివి. నీకు కనపడే మసి నాకు కనపళ్లేదంటే, నా కండ్లే పోయినాయనుకుంటి."

ఆ భయం పెట్టుకునే ఇన్నాళ్లూ తోమింది. నేను ఒక్కసారీ అడగలేదు. సోమవారం ఏమవుతుందో...

దీపం ముట్టించి నా ముందర పెట్టింది. వలయాలు అట్లే ఉండాయి. ఆపరేషన్ అయి వచ్చినాక మొట్టమొదట ఆ చిమ్నీ చూసి, మసి ఉండాదో లేదో ఆమెకు నిజం చెప్పాలంట.