నాయన ఇచ్చిన బండి

తడ, 12-8-1999

నాయనకు ధరణి నమస్కారాలు. మోకాలి నొప్పితో కిక్కు కొట్టలేక నువ్వు నాకిచ్చేసిన పాత బండి, నేను, ఇద్దరమూ ఇక్కడ క్షేమం.

నిన్న పులికాట్ పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసి వస్తుంటే దారిలో బండి ఆగిపోయింది. రొయ్యలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ, "మొగోళ్లు ఎవురన్నా వచ్చేదాకా కూసోమ్మా" అంది. నువ్వు చూపించినట్టే ప్లగ్గు విప్పి, మసి గీకి, చున్నీతో తుడిచి బిగించాను. నాలుగో కిక్కుకు స్టార్టయింది.

"ఎవురు నేర్పించినారు తల్లీ?" అని అడిగింది.

"మా నాయన" అని చెప్పి బండెక్కాను.

క్లచ్ వైరు వదులుగా ఉంది, ఎలా బిగించాలో రాయి. అమ్మను నిమ్మకాయ ఊరగాయ పంపమను. తమ్ముడికి ఆశీస్సులు. మోకాలికి నూనె రాస్తున్నావా? నొప్పి తగ్గాక ఒకసారి రా. వెనక కూర్చోబెట్టుకుని సరస్సంతా చూపిస్తాను. భయమేస్తే నా భుజం పట్టుకో.

నీ ధరణి