'న' సొరుగులో నిచ్చెన

నిఘంటు కార్యాలయం గుమాస్తా గారికి,

నమస్కారం ఆఖర్న పెడతాను, ముందు నా కోపం వినండి. మొరటు మనిషిని ఈ ఊళ్ళో "నిచ్చెన" అంటారు. "ఒట్టి నిచ్చెనరా వాడు" అని వెక్కిరిస్తారు. మా నాన్న పెయింటరు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట పడుతూనే ఊరందరి గోడలకీ రంగులేశాడు. ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మీ కొత్త నిఘంటువు వస్తోందట, అందులో ఈ తిట్టూ ఉంటుందట! శ్రమజీవి భుజమ్మీది పనిముట్టుని తిట్టు చేసిన దొరలారా, నిచ్చెనని తీసెయ్యండి!

ఇట్లు,
నిప్పులాంటి పెయింటరు కొడుకు

తా.క. "నిప్పులాంటి" అన్నది ఒక కరపత్రంలోంచి తీసుకున్నాను. బాగుంది కదా?

*

నిప్పులాంటి పెయింటరు కొడుకు గారికి,

మీ కోపం చేరింది. మా దగ్గరొక పద్ధతుంది. ఏ మాటైనా ఐదుసార్లు రాతలో కనబడితేనే పుస్తకంలోకి ఎక్కుతుంది. ఈ తిట్టుకి మా సొరుగులో ఉన్నది ఒక్కటే పోస్టుకార్డు, ముప్పై ఏళ్ళ నాటిది: "మా ఇంటికి రంగులెయ్యడానికొచ్చినవాడు ఒట్టి నిచ్చెన." పంపింది ఎవరో అమ్మాయి, పేరు చెరిగిపోయింది. ఒక్క కార్డే కదా అని మాట కొట్టేయబోతుండగా మీ ఉత్తరం వచ్చింది. అందులో మూడున్నాయి. ఇంకొక్కటి చాలు. కృతజ్ఞతలు.

ఇట్లు,
'న' సొరుగు గుమాస్తా

*

సొరుగు గుమాస్తాకి,

ఎంత కుట్ర! ఇక ఆ మాట నా కలంలోంచి చచ్చినా రాదు. సోమవారం నాన్న దగ్గరున్న ఆ ఎక్కే సామాను భుజాన వేసుకుని వస్తున్నాను. మీ ప్రహరీ మీద గజమెత్తు అక్షరాలతో నినాదం రాస్తాను. ముందు లోపలికొచ్చి మీ అనుమతి తీసుకుంటాను, మర్యాద తెలిసినవాణ్ణి.

ఇట్లు,
పెయింటరు కొడుకు

తా.క. ఆ కార్డు రాసిన దొరసాని ఎవరో గానీ, అసలు నిచ్చెన ఆవిడే!

*

పెయింటరు కొడుకు గారికి,

మీ తా.క.తో ఐదూ పూర్తయ్యాయి. మాట ఎక్కింది.

సోమవారం సంగతి. భుజాన నిచ్చెనతో మీరు లోపలికి రాగానే వెనకనుంచి ప్యూను "ఎవరు కావాలండీ?" అన్నాడు. మీరు మర్యాదగా అటు తిరిగారు. అద్దాల బీరువా పోయింది. "అయ్యో" అన్న మా పెద్దాయన వైపు మర్యాదగా తిరిగారు. సిరా సీసాలూ, ఆయన కళ్ళజోడూ పోయాయి. క్షమించమని నలుగురి వైపూ తిరిగి చెప్పారు. ఇక పోవడానికేమీ మిగల్లేదు. "మాట పుట్టుక" అన్న గడి ముప్పై ఏళ్ళుగా ఖాళీగా ఉంది. ఇప్పుడు మేమంతా కళ్ళారా చూశాం. ఏమని నింపమంటారు?

ఇట్లు,
గుమాస్తా

తా.క. మీ నిచ్చెన ఇక్కడే వదిలేశారు. వచ్చి తీసుకెళ్ళండి. ఆ సమయంలో మిమ్మల్నెవరూ పలకరించరు.

*

గుమాస్తా గారికి,

నమస్కారం. జరిగింది ఇంట్లో చెప్పాను. అమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

"ఆ కార్డు రాసింది నేనేరా," అంది నవ్వాపుకోలేక. "మా నాన్న పలకరిస్తే ఇటు, మా అమ్మ పలకరిస్తే అటు తిరిగాడు మీ నాన్న. నిచ్చెన తగిలి పన్నెండు కప్పులు పగిలాయి! ఒళ్ళు మండి అన్నాను. వీధంతా పట్టుకుంది."

"మరి పెళ్ళెందుకు చేసుకున్నావే?"

"పిలిచిన ప్రతివాళ్ళ వైపూ నిలువునా తిరిగి మాట్లాడే మనిషి మళ్ళీ దొరుకుతాడా?"

నాన్న బ్రష్షులు కడుగుతూ, "తీసెయ్యమన్నావా? వెధవా, నేను కష్టపడి తెచ్చుకున్న మాటరా అది!" అన్నాడు.

కనుక తీసెయ్యకండి. అర్థం దగ్గర మాత్రం "మొరటువాడు" కొట్టేసి "మర్యాద ఎక్కువైనవాడు" అని వెయ్యండి. ఇది కోరిక కాదు, డిమాండు.

ఇట్లు,
నిచ్చెన కొడుకు

తా.క. నిచ్చెన కోసం నాన్నే వస్తున్నాడు. మీరు పలకరించకపోయినా, అందరికీ పేరు పేరునా నమస్కారం పెట్టి మరీ వెళ్తాడట. కిటికీలు తీసి ఉంచండి.