ఎర్ర దారం కట్టిన చెక్క

ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్‌లో నీకు మాట్లాడే వంతు రానివ్వనని నువ్వే దెప్పావుగా, అందుకే ఈ ఉత్తరం. బడిలో టీచరుగా చేరి నాలుగు నెలలైంది. నా తరగతిలో ఇరవై ఇద్దరు, అందరూ అయిదేళ్ళ వాళ్ళే. ఈ నెల పాఠం ఇది: మన చుట్టూ ఉన్న వస్తువులు దేనితో చేశారు, ముట్టుకుంటే ఎలా ఉంటాయి. బడివాళ్ళు టాబ్లెట్లు ఇచ్చారు. కుర్చీ బొమ్మ వస్తే చెక్క మీద నొక్కాలి, కిటికీ బొమ్మ వస్తే గాజు మీద. మావాళ్ళు టపటపా నొక్కేస్తున్నారు, ఒక్క తప్పు లేదు. నేను గాల్లో తేలిపోయాను.

నిన్న ఊరికే అడిగాను, "చెక్క ముట్టుకుంటే ఎలా ఉంటుందర్రా?" అని. "చల్లగా, నున్నగా!" అన్నారు. మరి ఉన్ని? "చల్లగా, నున్నగా!" ఇటుక కూడా అంతే. నెలంతా వాళ్ళు ముట్టుకున్నది టాబ్లెట్ అద్దాన్నే కదా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు వారాల్లో పెద్ద టీచరుగారు వచ్చి నా పాఠం చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. వడ్రంగి చెల్లెలి తరగతిలో చెక్క చల్లగా ఉందంటే నీకూ పరువుతక్కువే, ఆలోచించు.

నీ చెల్లి

---

పంతులమ్మా,

నీ ఉత్తరం విని మీ వదిన కడుపుబ్బ నవ్వింది. నాకు మాత్రం ఆ పిల్లలు ముద్దొచ్చారు. చెయ్యి చెప్పిన మాటే చెప్పారు, పాపం.

ఒక పెట్టె పంపుతున్నాను. నాలుగు రకాల చెక్కలు, రకానికి రెండేసి ముక్కలు. ఒకటి కోసింది కోసినట్టే ఉంటుంది, ఇంకోటి చిత్రిక పట్టి ఉప్పు కాగితంతో రుద్దాను. గరుకువాటికి నీలం దారం, నున్నటివాటికి ఎర్ర దారం కట్టాను. తోలు, రేకు, గోనెగుడ్డ, దూది కూడా పెట్టాను. ఎర్ర దారం ముక్కలను బుగ్గలకు ఆనించుకున్నా భయం లేదు, పూచీ నాది. టాబ్లెట్లను అటకెక్కించకు. కంటి పని వాటికివ్వు, వేలి పని వేలికే వదిలెయ్యి.

అక్షరాలు వంకరపోతున్నాయి. కొత్త పెన్ను చెప్పిన మాట వినడం లేదు.

అన్నయ్య

---

ప్రియమైన అన్నయ్యా,

నీ పెట్టె విప్పిన రోజు తరగతి సంతలా అయిపోయింది. కళ్ళు మూసుకుని తడిమారు. ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో నీళ్ళలో వేసి చూశారు. అదంతా టాబ్లెట్‌లో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి మళ్ళీ చూపించాను. కెమెరాకు తగిలించే భూతద్దం కూడా సంపాదించాను. అందులో గోనెగుడ్డ చూసి ఒకడు, "టీచర్, ఇది బుట్ట!" అన్నాడు.

నిన్న పెద్ద టీచరుగారు వచ్చారు. అంతా సాఫీగా సాగుతుంటే, మా తరగతిలో ఒక ప్రశ్నల పుట్ట ఉంది, ఆ పిల్ల లేచి, "టీచర్, ఈ ఎర్ర దారం అబద్ధం చెప్తోంది. గుచ్చుకుంటోంది" అంది. భూతద్దం పెట్టి చూస్తే సన్నటి చెక్క పేళ్ళు ముళ్ళలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆ పిల్ల ఊరుకోకుండా దాని మీద దూది కూడా రాసింది. పోగులు పోగులుగా అంటుకుపోయింది. పెద్ద టీచరుగారు ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

నా ఉద్యోగం సంగతి అలా ఉంచు. ఇరవై ఏళ్ళుగా నీ చేతిలోంచి గరుకు చెక్క బయటికి రాలేదు. నా పలక చట్రాన్ని కూడా మూడుసార్లు రుద్ది గానీ ఇవ్వలేదు నువ్వు. వంకర అక్షరాలకు పెన్నును తిట్టావు, దీనికి ఎవరిని తిడతావు? నీ చేతికేమైంది? నిజం చెప్పు.

నీ చెల్లి

---

అమ్మడూ,

మూడు కాగితాలు చింపేసి ఇది రాస్తున్నాను. ఎనిమిది నెలలుగా నా వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. రుద్దే మిషన్ అదురుకు నరాలు దెబ్బతిన్నాయట, ఇక దాన్ని పట్టుకోవద్దన్నాడు డాక్టరు. పట్టు ఉంది, బరువు తెలుస్తుంది. నున్ననో గరుకో మాత్రం తెలియదు. వెలుతురులో పెట్టి, కంటితో చూసి నెట్టుకొస్తున్నాను. నీ ముక్కలనూ అలాగే చూశాను. ఆ పిల్లకు పేడు గాని దిగిందా? వెంటనే రాయి.

యజమానికి చెప్పలేదు. తడిమి చూడలేని వడ్రంగిని ఎవరు ఉంచుకుంటారు? పద్నాలుగో ఏటి నుంచి నాకు తెలిసిన పని ఇదొక్కటే. భయంగా ఉందమ్మా. నా మూలంగా నీ ఉద్యోగం పోతే ఇంకేమన్నా ఉందా? వదినకు మాత్రం చెప్పకు.

అన్నయ్య

---

ప్రియమైన మొండి అన్నయ్యకు,

వదినకు చెప్పేశాను. తనకు ఆర్నెల్లుగా తెలుసట! పొయ్యి మీది గిన్నెను వట్టి చేత్తో దించి, చెయ్యి కాలిందని కూడా తెలియకుండా నిలబడ్డావట. నువ్వే చెబుతావని ఎదురుచూస్తోందట. సరిపోయారు ఇద్దరూ.

పిల్లకేమీ కాలేదు. నా ఉద్యోగం ఖాయమైంది. పెద్ద టీచరుగారు పిలిచి, "మీ పిల్లలు దారాన్ని కాదమ్మా, వాళ్ళ వేళ్ళను నమ్మారు. నేను చూడాలనుకున్నది అదే" అన్నారు. నీ తప్పు లేకపోతే ఆ సంగతి బయటపడేదే కాదు.

ఒక దూది చుట్ట పంపుతున్నాను. గరుకు ఎక్కడుందో అది నీ కంటికి చూపిస్తుంది. ఎర్ర దారం ముక్కలు నాలుగూ తిప్పి పంపుతున్నాను. ఒక్కోటి ఎలా ఉందో పిల్లలు చెబుతుంటే టాబ్లెట్‌లో రికార్డు చేసి వదిన ఫోన్‌కు పెట్టాను. ముక్కను చేతిలో పట్టుకునే విను. యజమానికి నువ్వే చెప్పు. ఆ మిషన్ ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే.

నీ చెల్లి

---

పంతులమ్మా,

దూది చూడగానే నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు పని నేర్పిన మేస్త్రీ ప్రతి చెక్క మీదా దూది రాసేవాడు. ముసలాయన చాదస్తమని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆయన వేళ్ళు కూడా నాలాగే మొద్దుబారాయని ఇన్నేళ్ళకు తెలిసింది.

నిన్న ఆ చుట్ట జేబులో పెట్టుకుని వెళ్ళి యజమానికి అంతా చెప్పాను. ముందే చెప్పనందుకు చెడామడా తిట్టాడు. తర్వాత ముగ్గురు పనివాళ్ళు తడిమి బాగుందన్న బల్ల చూపించి, చూడమన్నాడు. దూది రెండు చోట్ల పట్టేసింది. ఇక మిషన్ పని వేరేవాళ్ళది, చివరి తనిఖీ నాది.

సాయంత్రం మీ వదిన పక్కన కూర్చుని పిల్లల మాటలు విన్నాను. ఆఖరిది మీ ప్రశ్నల పుట్ట గొంతే అయ్యుండాలి. "మామయ్యా, గుచ్చుకునే ముక్కను మేమందరం కలిసి రుద్దేశాం. ఇప్పుడు వెచ్చగా, నున్నగా ఉంది. ఎర్ర దారం మళ్ళీ కట్టాం. ఈసారి అబద్ధం కాదు" అంది.

చేతిలో ముక్కను అటూ ఇటూ తిప్పి తడిమాను. "ఏమైనా తెలుస్తోందా?" అని అడిగింది మీ వదిన.

వెచ్చగా ఉందన్నాను.

నీ అన్నయ్య