వ్యాను డ్రైవరుకున్నపాటి తనిఖీ

కొవ్వూరు.

మహారాజశ్రీ జిల్లా వాక్-శ్రవణ సేవల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రిజిస్ట్రేషను, పోలీసు తనిఖీ లేకుండా పిల్లలకు మాటలు నేర్పుచున్న గణేష్‌బాబు అను వ్యక్తిపై చర్య గురించి; మా కుమార్తె సాక్ష్యమునకు వేరొక నిపుణుని ఏర్పాటు చేయుట గురించి.

కొవ్వూరు వాస్తవ్యుడను, స్కూలు వ్యాను డ్రైవరును అగు దొరబాబు చేసుకొను విన్నపము.

1. మా కుమార్తె సుప్రియకు ఆరేళ్లు. పుట్టు చెవుడు. చెవి మిషను పెట్టించి, మాటల కోసం సదరు గణేష్‌బాబు కేంద్రంలో చేర్చితిమి. గోడకు పటం కట్టిన సర్టిఫికెట్టు చూసి డాక్టరు అనుకొంటిమి. అది చెవి మిషన్లు అమ్మే కంపెనీ వారిచ్చిన శిక్షణ కాగితమని తరువాత తెలిసినది. రిజిస్ట్రేషను ఏదని తమ కార్యాలయంలో అడుగగా, "అప్లై చేశారండి, వచ్చేస్తుంది" అని సెలవిచ్చిరి. వచ్చేలోపు పిల్లలను పంపవచ్చునో లేదో సెలవివ్వలేదు.

2. నేను వ్యాను నడుపుటకు పోలీసు తనిఖీ జరిగినది. వేలిముద్రలు తీసుకొన్నారు. కానిస్టేబులు గారు మా వీధిలో ఇంటింటికీ వెళ్లి "ఈయన తాగుతాడా అండి?" అని అడిగినారు. మంచిదే, పిల్లలు ఎక్కే బండి. మరి తలుపు వేసుకొని పిల్లతో ఒంటరిగా గదిలో కూర్చునే మనిషి గురించి ఎవరు ఎవర్ని అడిగారండీ? అడిగి ఉంటే, పెద్దాపురంలో ఒక పిల్లవాణ్ణి కొట్టిన కేసు ఆయన మీద నడుస్తోందని తెలిసేది. ఆ పిల్లవాడి తల్లి శ్యామలాంబ గారు మాకు ఫోనులో చెప్పి ఏడ్చారు.

3. మాటలు నేర్పేవారు పిల్ల అరచెయ్యి తమ గొంతు మీద పెట్టించుకొని, తమ చెయ్యి పిల్ల గొంతు మీద ఉంచి, శబ్దం తాలూకు అదురు తెలిసేలా చేస్తారు. అది పద్ధతే, కాదనను. తల్లి ఉంటే పిల్ల దృష్టి నిలవదని గణేష్‌బాబు నా భార్య నాగదుర్గను బయట కూర్చోబెట్టేవాడు. మాట తప్పుగా వచ్చినప్పుడల్లా ఆ చేత్తోనే గొంతు నొక్కేవాడు. ఒకనాడు పిల్ల మెడ మీద వేళ్ల గుర్తులతో బయటికి వచ్చింది. ఏమయిందని అడిగితే తన గొంతు తానే నొక్కుకొని చూపించింది. ఫిర్యాదు చేయడానికి వచ్చినప్పుడు తమ కార్యాలయంలోనూ అలాగే చూపించింది. "బాలిక తనకు నేర్పిన అభ్యాసమును చేసి చూపినది" అని రాసుకొన్నారు.

4. గురువారం విచారణకు పిల్లను హాజరుపరచవలెనని నోటీసు వచ్చినది. పిల్ల సైగలను వివరించుటకు జిల్లాలో అందుబాటులో ఉన్న ఏకైక నిపుణుడు వచ్చునట. ఆ నిపుణుని పేరు గణేష్‌బాబు.

కావున తనిఖీ పూర్తియగు వరకు సదరు కేంద్రమును మూయించవలెననియు, ఏ జిల్లా నుంచైనా సరే ఇంకొకరిని పిలిపించవలెననియు ప్రార్థన. నా బండికి జరిగినపాటి తనిఖీ ఆ గదికి జరిగినా చాలు.

చిత్తగించి దయచూడవలెనని వేడుకొను
తమ విధేయుడు,
దొరబాబు

తా.క.: నోటీసు తెచ్చిన గుమాస్తా గారు, "పాపని తీసుకురాకపోతే కేసు మూసేస్తారండి. నా మాట విని తెచ్చేయండి" అన్నారు. తెస్తే ఆ మనిషికి ఎదురుగా కూర్చోబెట్టాలి. నాగదుర్గ పిల్లని ఒళ్లోంచి దింపడం లేదు. "మీరెళ్లండి, దీన్ని మాత్రం ఇవ్వను" అంటోంది. నాకేమీ పాలుపోవడం లేదు. తమరికి పిల్లలున్నారో లేదో నాకు తెలియదండి. ఉన్నారనుకొని, గురువారం పొద్దున తమరైతే ఏం చేస్తారో ఒక్క ముక్క రాసి పంపించండి. నేనూ అదే చేస్తాను.