గట్టు మట్టి

ముకిరింగ, కబాలె కొండలు
9 సెప్టెంబరు 1999, గురువారం

చెల్లి కెబిరుంగికి,

నీ తోడికోడలు కొరుతారో రాస్తోంది. మేమంతా క్షేమం, మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. మొదలుపెట్టాను. మా క్షేమం ఏపాటిదో కింద చదువుతావు. నీ క్షేమం మాత్రం సోమవారం సంతకి పడవ నడిపే తుర్యసీమాని అడిగి తెలుసుకుంటూనే ఉన్నాను. చిక్కిపోయావట. పుట్టింట్లో చిక్కిపోయిన ఆడదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. మీ వదిన తిండి పెట్టడం లేదా, నువ్వే మొండికేసి తినడం లేదా? రెండోదే అయ్యుంటుంది. నీ సంగతి నాకు తెలియదూ?

ఏప్రిల్లో పడవెక్కి సరస్సు దాటి పోయావు. ఐదు నెలలు. మనిద్దరం అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే కొండకి కాపరానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది, నీతో మాట్లాడకుండా ఐదు రోజులున్న పాపాన పోలేదు నేను. నీ మీద కోపమొచ్చినా పై చేలో నిలబడి నీకు వినపడేలా మేకని తిట్టేదాన్ని. ఇప్పుడు మేకని తిడితే మేకే వింటోంది. దానికి చీమ కుట్టినట్టైనా లేదు.

ముందు ఊరి కబుర్లు. మనం నీళ్లు తెచ్చుకునే ఊట ఇంకా తేరుకోలేదు. ఆ వానకి మన రెండు చేల మధ్య గట్టు జారి, నా ఆలుగడ్డలూ నీ తీగ చిక్కుళ్లూ కలిసి కొండ దిగి ఊటలో పడ్డాయే, ఆ బురద ఇంకా అక్కడే ఉంది. రెండుసార్లు తోడాం. తోడిన మర్నాటికి మళ్లీ టీ నీళ్లే. ఊళ్లో ఆడవాళ్లందరం నీళ్ల డబ్బాలు పట్టుకుని కింద చిత్తడి నేల దాకా పోతున్నాం. దిగడం బాగానే ఉంటుంది. నిండు డబ్బాతో ఎక్కి రావాలి చూడు, అప్పుడు తెలుస్తుంది. గట్టు జారితే మట్టి పోతుందనుకున్నాం గానీ నీళ్లు కూడా పోతాయని ఎవరనుకున్నారు?

జూన్‌లో ఊరి ఛైర్మన్ బజిరకే గారి రెండు చేల మధ్య గట్టు కూడా కూలింది. పై చేనూ ఆయనదే, కింది చేనూ ఆయనదే. పంచాయితీ పెట్టి ఎవర్ని నిలబెట్టాలో తెలియక మూడు రోజులు తల గోక్కున్నాడు. నవ్వొచ్చింది, నవ్వలేదు. అప్పుడు గానీ వ్యవసాయం ఆఫీసుకి కబురు పంపాలని ఆయనకి తోచలేదు.

పంపితే నకాటో అని ఓ అమ్మాయి వచ్చింది. మైదానం పిల్ల. మన కొండ సగం ఎక్కేసరికి ఆయాసపడి నా గుమ్మంలో కూలబడింది, రెండు చెంబుల బుషేరా తాగితే గానీ మాట రాలేదు. జొన్న గంజి ఇంత పుల్లగా ఎలా తాగుతారండీ అంటూనే మూడో చెంబు కూడా లాగించింది. తర్వాత ఒక్కొక్క గట్టు దగ్గరా వంగి చూసి, ఈ పార గాట్లేమిటమ్మా అని అడిగింది.  చివరికి నేనే చెప్పాల్సొచ్చింది. వాన మంచి మట్టినంతా దించుకొచ్చి గట్టు దగ్గర పోస్తుంది, ఆ బలమైన మట్టి పైవాళ్లకి దక్కుతుంటే చూస్తూ ఊరుకోలేక కింద నిలబడి పారకి అందినంత గీకి మా చేలో పరుచుకుంటాం, మా అత్తలూ అదే చేశారు, వాళ్ల అత్తలూ అదే చేశారు అన్నాను. ఏడాదికి జానెడు గీకితే తాతలు కట్టిన గట్టు ఎన్నాళ్లు నిలబడుతుందో మీరే చెప్పండి అంది.  నీ బావగారు ఊరుకోకుండా, పైవాళ్లది మేం గీకుతాం, మాది కిందివాళ్లు గీకుతారు, మొత్తానికి అందరికీ సమానమే కదమ్మా అన్నారు. సమానమేనండీ, అందరి కొండా సమానంగా సరస్సులోకే పోతోంది అంది ఆ పిల్ల. 

నేనూ గీకాను చెల్లీ. బజిరకే గారి కింది చేను గట్టు నా చేను పైనే కదా, ఏటా గీకాను. అలాంటిదాన్ని ఏప్రిల్లో పంచాయితీలో నిలబడి, ఈవిడ మా గట్టుని తినేసింది, ఈవిడ పార వల్లే నా పంటా పోయింది, ఊరి ఊటా పోయింది అని అరిచాను. నువ్వు నేల చూస్తూ నిలబడ్డావు. అంత పొడుగు మనిషివి ఆ రోజు నా భుజం దాకా కూడా లేవు. వితంతువని కూడా చూడకుండా గట్టంతా నువ్వొక్కదానివే కట్టాలన్నారు. ఈ వానలు పడేలోగా కట్టకపోతే నీ కింది చేను నీ బావగారికి పోతుందన్నారు. అంటే నాకు. ఆ తీర్పు చెప్పిన పెద్దమనుషుల గోళ్లలోనూ గట్టు మట్టే ఉంది, నా గోళ్లలోనూ అదే. నువ్వు మారుమాట్లాడకుండా మూట సర్దుకుని రేవుకి దిగిపోయావు. పడవ కదిలే దాకా గుమ్మంలోనే నిలబడ్డాను. దిగి వచ్చి ఆపాల్సింది, ఆపలేదు.

ఇప్పుడు వానలకి ఇంకో పది రోజులుంది. సరస్సు మీద పొద్దున్నే మబ్బు కడుతోంది. నీ చేను బీడుగా పడి ఉంది, ఊరంతా అటే చూస్తోంది. నీ బావగారు నీ చేలో చల్లడానికి చిక్కుడు గింజలు ఏరి చాప మీద ఎండబెట్టారు. నేను వాటిని ఎత్తి వండి పెట్టేశాను. తిన్నారు, బాగున్నాయన్నారు కూడా. మర్నాడు చాప ఖాళీగా ఉందేమిటని అడిగితే, రాత్రి మీరు మెచ్చుకున్నారుగా అన్నాను. రెండోసారి ఆ పని చేయలేను, ఈసారి గింజలు ఎక్కడ దాచారో దొరకడం లేదు.

గట్టు ఒక వైపు నుంచి కడితే నిలవదని నకాటో చెప్పింది. కిందివాళ్లు మూరెడు మేర పార తగలకుండా వదిలేసి రాళ్లు పేర్చాలట, పైవాళ్లు నెత్తిన గడ్డి నాటాలట, ఇద్దరూ ఒకేసారి చేయాలట. కాబట్టి వచ్చెయ్. నువ్వొక్కదానివే కట్టాలని ఎవరన్నా అంటే నేను చూసుకుంటాను. జొన్నలు నానబోసి మొలకెత్తించాను, నువ్వొచ్చేసరికి బుషేరా పులిసి ఉంటుంది. కోపంగా ఉంటే కోపంగానే రా. చేను పోగొట్టుకోకు.

నీ మేలు కోరే అక్క,
కొరుతారో

తా.క.

12వ తేదీ, ఆదివారం. ఉత్తరం గురువారమే మడిచాను. మళ్లీ చదువుకుంటే దొంగ ఉత్తరంలా ఉంది. అందుకే ఇది.

గట్టు జారింది నీ పార వల్ల కాదు. గట్టు నెత్తిన అత్తగారు నాటిన ఏనుగు గడ్డిని నేనే పీకేశాను. మార్చిలో, నువ్వు మీ మేనత్త చావుకి వెళ్లిన వారం. వేళ్లు నా దుంపల్లోకి వస్తున్నాయి, గడ్డి తీసేస్తే ఇంకో సాలు వేసుకోవచ్చు అనుకున్నాను. వేళ్లతో సహా పెళ్లగించి, ఎవరూ చూడకుండా నీ చేను పక్క వాగులో పడేశాను. నెల తిరక్కుండా గట్టు కూలింది. నీ పార గాట్లు అందరికీ కనపడుతున్నాయి. నా గడ్డి ఎలాగూ లేదు, లేనిదాని గురించి ఎవరూ అడగరు. నీ మీదకి తోసేశాను.

నిన్న నాటడానికి గడ్డి దుబ్బులు కావాలని నకాటో అడిగితే వెతుక్కుంటూ నీ చేను దిగువకి పోయాను. నీ కింది గట్టు పొడుగునా ఏనుగు గడ్డి, వరసగా, నా నడుమెత్తు. మన కొండ మీద అలాంటి గడ్డి ఇంకెక్కడా లేదు. నేను వాగులో పడేసినవే. ఏరుకొచ్చి నాటావు. వాన రాకముందే నాటి ఉంటావు, లేకపోతే వాగులో అంత బురద మీద పడ్డాక అవి వేరు పట్టేవి కావు. అంటే పంచాయితీ నాటికే నీకు తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. నన్ను కాపాడావో, నాతో మాట్లాడటానికే అసహ్యం పుట్టిందో, నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. నాకు తెలియడం లేదు. ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

ఇవాళ చర్చి అయ్యాక, జనం లేచిపోకముందే, నిలబడి అంతా చెప్పేశాను.  చేను నీదేననీ, గట్టు నేనే కట్టాలనీ బజిరకే అక్కడికక్కడే చెప్పాడు. కాబట్టి చేను కోసం నువ్వు రానక్కర్లేదు, నువ్వు రాకపోయినా అది నీదే. నీ బావగారు ఇంటికొచ్చి అన్నం ముందు నుంచి లేచిపోయారు. సాయంత్రం చిత్తడి దారిలో ఆడవాళ్లు డబ్బాలు దించి మరీ తిట్టారు. ముసలావిడ దగ్గర్నుంచి నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన పిల్ల దాకా అందరూ తిట్టారు. పడ్డాను.

గురువారం నుంచి గట్టు మొదలుపెడుతున్నాను. వస్తే నువ్వు రాయి ముట్టుకోవద్దు, పార పట్టొద్దు. నీ చేలో కూర్చో. నోరు తెరిచి నన్ను తిట్టు చెల్లీ.