ఉతకని చొక్కా

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన కుక్క క్షేమమే. మొన్న సాయంత్రం వెనక మైదానంలో కుర్రాళ్ళు ఆట గెలిచామని బాణసంచా కాల్చారు. నీ దొర హడలిపోయి, నేను తలుపు తీయగానే వీధిలోకి దూకాడు. లారీ కింద పడేవాడే, ఎదురింటి దర్జీ మెడపట్టీ పట్టి ఆపాడు. "ఈ పిరికివాడికి దొర అని పేరెవరు పెట్టారండీ?" అన్నాడు.

తప్పు నాదేరా. వాడి పడకలో నువ్వు పరిచిన పాత చొక్కా, కంపు కొడుతోందని ఆ పొద్దున్నే ఉతికేశాను. చప్పుళ్ళు మొదలవగానే వాడు దాని కోసమే వెతికాడు. ఉతికింది ఇస్తే వాసన చూసి వదిలేశాడు. నేనిది రాస్తుంటే కూడా గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాడు.

శనివారం మళ్ళీ కాలుస్తారట. వెలుతురుండగానే వాణ్ణి తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, లోపలి గదిలో పక్కనే కూర్చుని జపం చేసుకుంటాను. నీ వాసన మాత్రం నేను తేలేను. రెండు రోజులు తొడుక్కున్న చొక్కా ఒకటి శుక్రవారానికి అందేలా పంపు.

ఇల్లు దొరికిందా? మరదలికి దగ్గు తగ్గిందా?

బట్టలు ఉతుక్కోమని ఇన్నేళ్ళూ నిన్ను చంపుకు తిన్న అక్కనే చెబుతున్నాను, ఉతకకు. దేవుడు మిమ్మల్నీ వీణ్ణీ చల్లగా చూడాలి.

అక్క